ప్రతి కాగితం నెత్తిన

తంబుచెట్టి వీధిలో, హైకోర్టు గోడకి కూతవేటు దూరంలో
నా టైపు మిషను.
అద్దె ఒప్పందాలు, పేరు మార్పులు, విడాకుల నోటీసులు.
ఇరవై ఆరేళ్లుగా
గోడు వాళ్లది, వేళ్లు నావి.

కత్తెర ఎండలో ఒకరోజు
వ్యాసర్పాడి నుంచి పెంచలమ్మ వచ్చింది.
కార్పొరేషను కోటు ఇంకా ఒంటిమీదే ఉంది.
"అయ్యా, రాజ్యాంగంలో ఒక మాట చేర్చాల.
పేజీకెంత?"

నవ్వాను. ఆమె నవ్వలేదు.
నలభై అన్నాను, ఇంకేమనాలో తోచక.

ఏ మాట?
నీళ్లు. తాగే నీళ్లు.

పక్క బల్ల మీద వకీలు ఎళిలరసి
తమిళం కలిసిన తెలుగులో సర్దిచెప్పింది:
"అది ఉన్నట్టేనమ్మా. ఇరవై ఒకటో అధికరణంలో
బతుకు అని ఉంది. ఆ బతుకులోనే
నీళ్లున్నాయని కోర్టులు చదివాయి."

"చదువొచ్చినోళ్లకి కనపడతాది కాబోలు.
నాలాంటిదానికి కనపడాలంటే
రాసుండాల గదమ్మా.
లారీ డ్రైవరుకి ఏం చూపించేది నేను?"

నా టీ చల్లారిపోయింది.

"ఇరవై ఒకటి పక్కన 'ఎ' అని పెట్టి
పిల్లల చదువుకి చోటిచ్చారంట, మనవరాలు చెప్పింది.
దాని పక్కన 'బి' ఖాళీయేనా?"
ఎళిలరసి సంచీలోంచి పుస్తకం తీసి
పేజీలు తిప్పింది.
ఖాళీయే.

దిద్దే పని మనది కాదు, పార్లమెంటుది.
రెండు సభల్లోనూ మూడింట రెండొంతుల చేతులు లేవాలి.
అడిగే పని మాత్రం మనదే,
దానికొక దారి ఉందని
ఇంతకాలం కోర్టు నీడలో కూర్చున్న నాకే తెలీదు.
పిటిషన్ల కమిటీ ఉంది.
మాటలో మర్యాద తప్పకూడదు.
ఒక ఎంపీ సంతకం కావాలి. వేలిముద్రలు చెల్లుతాయి.
సంతకాలు ఎన్ని కాగితాలకు పాకినా
ప్రతి కాగితం నెత్తిన
ఆ ప్రార్థన మళ్లీ ఉండాలి.

"మళ్లీ మళ్లీ ఎందుకంట?"
"ఏం అడుగుతున్నామో తెలీకుండా
ఎవరి వేలూ పడకూడదని."
పెంచలమ్మకి ఆ రూలు నచ్చింది.
ఓట్లప్పుడు ఇట్టా లేదే, అంది.

ముప్పై ఎనిమిదిసార్లు కొట్టాను అదే ప్రార్థన.
పన్నెండోసారికి చూడకుండా వచ్చేసింది.
ఇరవయ్యోసారికి
అది ఆమెదో నాదో తెలియలేదు.

అర్ధరాత్రి బిందెల వరసలో సంతకాలు.
లారీ రాకముందే తీసుకోవాలి.
వచ్చాక వేళ్లు తడి, ముద్ర అలుక్కుపోతుంది.
లారీ అసలు రాని రాత్రుల్లో
కాగితాలు ఎక్కువ నిండాయి.

కన్నియప్పన్ పెట్టనన్నాడు.
"దీంతో కుళాయి వస్తుందా?"
"రాదు," అంది పెంచలమ్మ.
"కుళాయికి వేరే అర్జీ పెట్టినాం, అది వార్డు ఆఫీసులో ఉంది.
ఇది కుళాయి రానోళ్లందరికీ."
అయినా పెట్టలేదు ఆయన.
ఆ గడి అట్లాగే ఖాళీగా పంపాం.

ఎంపీ ఆఫీసు మెట్లు మూడు వారాలు.
ఒకరోజు పీఏ లేడు, ఒకరోజు పెన్ను లేదు.
నాలుగో సోమవారం
ఆకుపచ్చ సిరాతో సంతకం పడింది.
ఆ మధ్యాహ్నం పెంచలమ్మ
స్టాంపు ప్యాడు తుడిచి మూత పెట్టింది.

ఢిల్లీ నుంచి ఇంతవరకు ఒక్క ముక్క:
అందినది.
కింద ఒక నంబరు.

"ఇంతేనా?" అన్నాను, ఆమె కంటే ముందు నాకే ఆపుకోలేక.
"వరసలో బిందె పెట్టినాం గదయ్యా.
బిందె ఉంటే మనిషున్నట్టే.
ఎవురూ జరపకుండా చూసుకోవాల, అంతే."

నెల తిరగ్గానే మళ్లీ వచ్చింది,
నంబరు రాసిన చీటీ కొంగున ముడేసుకుని:
ఏమైందని అడుగుతూ ఇంకో ఉత్తరం కొట్టాలంది.

పాత బాకీ కూడా తెచ్చింది.
ముప్పై ఎనిమిది కాగితాలకు
పది నోట్లు ఒక్కొక్కటే లెక్కబెట్టింది.
ఆఖరి కాగితం డబ్బు వెనక్కిచ్చాను.
దాని మీద, పదకొండో గడిలో,
నా పేరుంది.